కౌంటు కాటా మీద పసిబిడ్డ

పోయినవారం మిమ్మల్ని కాటా షెడ్డులో తడి సిమెంటు నేల మీద నిలబెట్టి వెళ్ళిపోయాను. కాళ్ళు లాగి ఉంటాయి, ఏమనుకోకండి. నాకు ఏడు వారాలుగా లాగుతున్నాయి.

కొత్తగా వచ్చినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి మొదలుపెడతాను. నా పేరు మాధురి. ఉప్పలగుప్తం మండలంలో రొయ్యలు కొనే కామరాజుగారి కోడలిని, ఆయన ఒక్కగానొక్క కొడుకు నాగదుర్గాప్రసాద్ భార్యని. తొలికాన్పు పుట్టింట్లో జరగాలి గానీ, నా చిన్నతనంలోనే అమ్మ పోయింది. మా నాన్న ధర్మరాజుకి ఒక రొయ్యల చెరువు, నేను తప్ప ఇంకేమీ లేవు. అందుకని పురుడు అత్తింట్లోనే పోశారు. ఆస్పత్రిలో పాప బరువు మూడు కిలోల రెండు వందల గ్రాములు. ఇరవై ఒకటో రోజు బారసాలకి వచ్చిన చుట్టాలందరి ఎదుటా మా అత్తగారు అచ్చాయమ్మ పాపని నీలం రంగు రొయ్యల ట్రేలో పడుకోబెట్టించి కాటా ఎక్కించింది. పెద్దావిడ, ఎక్కించారు అని రాయాలి. ఈ వారానికి రాయను. ఎర్ర అంకెలు మూడు కిలోల రెండు వందల నాలుగు దగ్గర ఆగాయి. మూడు వారాలు రాత్రనక పగలనక పాలిస్తే నా బిడ్డ పెరిగింది నాలుగు గ్రాములు.

"మీ నాన్న రొయ్యా తూకానికి రాదు, నీ బిడ్డా తూకానికి రాదు. ఏం పుటకమ్మా మీది!" అంది అత్తగారు, అందరూ వింటూండగానే. మా నాన్న ఆ ట్రే పక్కనే నిలబడి ఉన్నాడు. అంకెలు చూసి తల దించుకున్నాడు. భోంచెయ్యకుండానే వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచి ఇంట్లోకి డబ్బా పాలు, సీసా వచ్చాయి. నీళ్ళు తాగితే పచ్చి బాలింతకి ఒళ్ళు ఊరుతుందని నాకు పూటకి ఒకే ఒక్క గ్లాసు. సొర తింటే పాలు పడతాయని మా వైపు అంటారు. మా నాన్న అంతర్వేది దాకా పోయి పాలసొర చేప తెచ్చి ఇచ్చాడు. "పాలు లేనిదానికి సొరెందుకు దండగ" అని పులుసు పెట్టుకుని వాళ్ళే తిన్నారు. ప్రతి బుధవారం పొద్దున్న పాపకి తూకం. మా ఆయనే పాపని ట్రేలో పడుకోబెట్టేవారు, ఆయనే అంకె చదివేవారు. మావగారు పక్కనే కుర్చీలో పేపరు చదువుకునేవారు. ఏడు వారాలు నిండేసరికి నాలుగు కిలోలు దాటకపోతే రొమ్ము మాన్పించేస్తానని అత్తగారు గడువు పెట్టింది. పోయినవారం మనం ఆగింది ఆ గడువు రోజు పొద్దున్నే. అంకె మూడు కిలోల తొమ్మిది వందల అరవై. నలభై గ్రాములు తక్కువ.

"సాయంత్రానికి నాలుగు మూరలు మల్లెపూలు చెప్పవే అప్పాయమ్మా," అంది అత్తగారు, పాపకి నీళ్ళు పోసే ముసలమ్మతో.

మల్లెపూలు రొమ్ములకి కట్టి గుడ్డతో బిగిస్తే రెండు మూడు రోజుల్లో పాలు ఇంకిపోతాయని చెబుతారు. బిడ్డ పోయిన తల్లులకి అలా కడతారు. నా బిడ్డ బతికే ఉంది.

*

ఆ పొద్దున్నే పాపకి టీకా కూడా వేయించాలి. ముందు వారం జలుబు చేసిందని ఆగిపోయింది. మా ఆయన బండి మీద హెల్త్ సబ్‌సెంటరు దగ్గర దింపి, గేటు బయటే ఫోను చూసుకుంటూ ఉండిపోయారు. లోపల సలోమి సిస్టరుగారు ఒక్కరే ఉన్నారు. పాతికేళ్ళుగా మా చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలందరికీ సూదులు వేసిన చెయ్యి ఆవిడది. పాప బట్టలు విప్పి పసిపిల్లల కాటా మీద పడుకోబెట్టారు.

"నాలుగు కిలోల నాలుగొందలు. బంగారంలా ఉంది," అని కార్డులో రాసేసుకున్నారు.

నా చెవులు నేనే నమ్మలేదు.

"సరిగ్గా చూసేరాండి? రెండు గంటల కిందట ఇంట్లో తూచేమండి. మూడు తొమ్మిదొందల అరవయ్యేనండి."

సలోమిగారు కళ్ళజోడు పైకి తోసుకుని మళ్ళీ తూచారు. మళ్ళీ అదే అంకె.

"రెండు గంటల్లో నాలుగొందల నలభై గ్రాములు పెరిగే పిల్లని నా సర్వీసులో నేను చూళ్ళేదమ్మా. మొన్ననే తూనికలవాళ్ళొచ్చి ఈ కాటా సరిచూసి ముద్ర వేసి వెళ్ళేరు. మీ ఇంట్లో దేని మీద తూచేరు?"

"రొయ్యల కాటా అండి. కౌంటు చూసేది."

ఆవిడ ఒక్క క్షణం నా మొహంలోకి చూశారు. తర్వాత వేరే ప్రశ్నలు అడిగారు. రోజుకి ఎన్నిసార్లు పక్క తడుపుతోంది? ఏడెనిమిది సార్లండి. పాలు తాగేటప్పుడు గుటక వినబడుతోందా? వినబడుతోందండి. తాగేక నిద్రపోతోందా? ఆయ్, పోతోందండి. మరి పాలు లేవని ఎవరన్నారు? నేను నోరు తెరిచాను. ఏడుపొచ్చింది. ఏడు వారాల ఏడుపు, గవర్నమెంటు బల్ల మీద కూర్చుని ఏడ్చాను.

"పిండి చూస్తే నీళ్ళలా పలచగా వస్తున్నాయండి. ఇందులో సత్తువేముంది అంటారండి మా అత్తయ్యగారు."

"మొదట వచ్చేవి పలచగానే ఉంటాయమ్మా, అవి దాహానికి. తర్వాత వచ్చేవి చిక్కగా ఉంటాయి, అవి ఆకలికి. ఒక పక్క పూర్తిగా తాగనివ్వు, ఆనక రెండో పక్క. సీసా పట్టిన కొద్దీ పిల్ల నీ దగ్గర తక్కువ లాగుతుంది, లాగకపోతే పాలు తగ్గుతాయి. ఊటబావి తోడితేనే ఊరుద్ది గదా? సీసా ఒక్కసారిగా ఆపెయ్యకు. ముందు నువ్వు పట్టు, సీసా పాలు రోజురోజుకీ తగ్గించుకుంటూ రా. మధ్యలో నా దగ్గరకి తీసుకొచ్చి తూపించు. దాహమేస్తే కడుపునిండా నీళ్ళు తాగు. నీళ్ళు తాగొద్దని ఎవరన్నా అంటే నా పేరు చెప్పు."

లేని జబ్బుకి మందు వేసి నిజంగా జబ్బు తెప్పిస్తున్నారన్నమాట. ఇంకో నెల పోతే నిజంగానే పాలు ఉండేవి కావు, అప్పుడు అందరూ చూశావా మేం చెప్పలేదూ అనేవారు. ఈ మాట అర్థమయ్యేసరికి నా ఏడుపు ఆగిపోయింది. దాని చోట్లోకి వేరేది వచ్చి కూర్చుంది.

బయటికొచ్చి మా ఆయనకి కార్డు చూపించాను. "ఏవండీ, నాలుగు కిలోల నాలుగొందలంట! మన కాటాయే తప్పంట!"

ఆయన కార్డు చూసి "ఆయ్" అన్నారు. తర్వాత "ఇంట్లో ఇప్పుడే అనకు. నేను చూసుకుంటాను," అని బండి స్టార్టు చేశారు. నా తరఫున వాళ్ళమ్మతో మాట్లాడబోతున్నారు కాబోలని, దారి పొడుగునా ఆయన వీపుకి ఆనుకుని కూర్చున్నాను. అంత పిచ్చిదాన్ని నేను.

*

మధ్యాహ్నం భోజనాలై అందరూ నడుం వాల్చాక షెడ్డులోకి వెళ్ళాను. వంటింట్లోంచి విప్పని కిలో ఉప్పు ప్యాకెట్టు పట్టుకెళ్ళాను. కాటా మీద పెడితే తొమ్మిది వందలు. రెండో ప్యాకెట్టు కూడా తెచ్చి పెడితే వెయ్యిన్నీ ఎనిమిది వందలు. అంటే పదికి ఒకటి మింగుతోంది. చెడిపోయిన కాటా ఒక్కోసారి ఒక్కోలా తూస్తుంది. ఇంత క్రమశిక్షణగా తినేది చెడిపోయిన కాటా కాదు, నేర్పిన కాటా.

నా బిడ్డ లెక్క అయిపోయింది. ఆ తర్వాత మా నాన్న గుర్తొచ్చాడు.

రొయ్యల ఊళ్ళ సంగతి తెలియనివాళ్ళకి చెబుతాను. కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అది కౌంటు. కౌంటు ఎక్కువంటే రొయ్య చిన్నదని అర్థం, ధర తగ్గుతుంది. కాటా తక్కువ చూపిస్తే కిలో అంకె రావడానికి ఇంకో నాలుగైదు రొయ్యలు ఎక్కువ వెయ్యాలి. పెద్ద రొయ్య కాస్తా చిన్న రొయ్య అయిపోతుంది. కామరాజుగారు ప్రతి చెరువు గట్టు మీదికీ పట్టుకెళ్ళేది ఈ కాటానే. మా నాన్న చెరువు మీద రొయ్యలు పట్టి తూచే ప్రతి పట్టుబడికీ కౌంటు ఎక్కువే వచ్చేది. మేత మార్చాడు, రొయ్యపిల్ల మార్చాడు, చెరువు ఎండగట్టి దున్నించాడు. "నా చేతిలో చలవ లేదమ్మా" అనేవాడు అన్నం ముందు కూర్చుని. నాకు పెళ్ళయ్యాక ఆ మాట ఎత్తడమే మానేశాడు. వియ్యంకుడి కాటా కదా, మొహమాటం అనుకున్నాను.

ఆయన తన చెరువుని తిట్టుకున్నాడు, నేను నా రొమ్ముని తిట్టుకున్నాను. ఇద్దరం ఒకే కాటా చెప్పిన మాట నమ్మాం.

మీరు మంచివాళ్ళు, క్షమించెయ్యమ్మా అంటారు. నేను మంచిదాన్ని కాదు. ఆ షెడ్డులో నిలబడి నాకు కలిగింది బాధ కాదు, పగ. వీళ్ళని కూడా నలుగురి ఎదుట ట్రేలో పెట్టి తూచాలనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గు కూడా పడలేదు.

మర్నాడు పొద్దున్న ఆరింటికి మా నాన్న చెరువు పట్టుబడి. కామరాజుగారే కొంటున్నారు. చుట్టుపక్కల చెరువుల రైతులంతా గట్టు మీద ఉంటారు. షెడ్డులోంచే సలోమి సిస్టరుగారికి ఫోను చేశాను.

"గవర్నమెంటు కాటా మీద రొయ్యలు తూచకూడదమ్మా," అన్నారావిడ.

"రొయ్యలు కాదండి. నా పాపనే. ముందు వాళ్ళ కాటా మీద, ఆ వెంటనే మీ కాటా మీద. అందరూ చూసేలా తూస్తే చాలండి."

ఫోనులో రిజిస్టరు మూసిన చప్పుడైంది.

"పసిపిల్లని తూయడం నా డ్యూటీ. ఇంట్లో తూస్తానో, గట్టు మీద తూస్తానో అడిగేవాళ్ళెవరు? వస్తాను."

*

ఐదింటికి అప్పాయమ్మ తడిగుడ్డలో చుట్టి మల్లెపూలు తెచ్చింది. అత్తగారు పాత చీర నిలువునా చించి పట్టీలు సిద్ధం చేసుకుంది.

"రా అమ్మాయ్, జాకెట్టు విప్పి కూర్చో. సిగ్గెందుకు, అందరం ఆడాళ్ళమే."

"కట్టించుకుంటానండి అత్తయ్యగారూ. ఆఖరిసారి ఒక్కసారి తూచి చూద్దామండి. షెడ్డులోకి రండి."

"పొద్దున్నేగా తూచేం? సాయంత్రానికి ఊరిపోద్దేటి?"

"పాపని కాదండి."

ఏం తూస్తానో చూద్దామని కాబోలు, పూలు చేతిలో పట్టుకునే వచ్చింది. వెనకాల అప్పాయమ్మ. నేను ఉప్పు ప్యాకెట్టు ఆవిడ చేతికిచ్చి మీద రాసింది చదవమన్నాను. ఒక కిలో అని చదివింది. కాటా మీద పెట్టాను. తొమ్మిది వందలు.

"కంపెనీవాడు మోసం చేసేడు. ఈరోజుల్లో నిఖార్సుగా ఎవడిస్తున్నాడు!" అంది, పెద్దగా తడబడకుండానే.

పంచదార ప్యాకెట్టు పెట్టాను. తొమ్మిది వందలు. కందిపప్పు పెట్టాను. తొమ్మిది వందలు.

"ఉప్పువాడూ పంచదారవాడూ పప్పువాడూ ముగ్గురూ కూడబలుక్కుని సరిగ్గా వందేసి గ్రాములే కొట్టేసేరాండి?"

అప్పాయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అత్తగారి మొహం ఎర్రబడింది.

"ఆడలేక మద్దెల ఓడందంట వెనకటికొకత్తి! నీ రొమ్ములో పాలు లేక మా కాటాకి వంక పెడతావా?"

"మద్దెల ఓడేనండి అత్తయ్యగారూ. ఇదిగో చూడండి." కార్డు తీసి ఆవిడ కళ్ళ ముందు పెట్టాను. "ఈరోజు తారీకు. నాలుగు కిలోల నాలుగొందలు. ముద్ర పడ్డ కాటా. అందులోంచి పదికి ఒకటి తీసెయ్యండి. ఎంతొచ్చింది? పొద్దున్న మీరు చూసిన అంకే."

మా అత్తగారు చదువుకోలేదు గానీ నోటి లెక్క గట్టిది. పెదాలు కదిలాయి. బారసాలనాటి మూడు కిలోల రెండు వందల నాలుగుకి కూడా లెక్క కట్టుకుంది. నేను చూస్తూనే ఉన్నాను. మూడున్నర కిలోల పైమాట అప్పుడు నా బిడ్డ. ఆవిడ చేతిలో పూలమూట కిందికి వేలాడింది. అక్కడున్న ఖాళీ ట్రే బోర్లించి దాని మీద కూలబడింది.

ఆవిడకి తెలియదు. అది నాకు అప్పుడే అర్థమైంది. నిజంగానే నా దగ్గర పాలు లేవని, మనవరాలు ఎండిపోతోందని నమ్మి చేసింది. జాలి పడదామని చూశాను. రాలేదు.

ఈలోగా వీధి అరుగు మీంచి మావగారు వచ్చారు. బల్ల మీద ఉప్పు, పంచదార, పప్పు వరసగా చూశారు. ఆయనకి ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

"అప్పాయమ్మా, నువ్వింటికెళ్ళు," అన్నారు. అప్పాయమ్మ వెళ్ళింది, వీలైనంత నెమ్మదిగా.

"ఏమండీ," అంది అత్తగారు. "ప్రతి బుధవారం మీరిక్కడే కూర్చున్నారు. నేనా పిల్లని అన్ని మాటలంటూంటే పేపరు చదువుకున్నారు. మీకు తెలుసా?"

"నువ్వు లోపలికెళ్ళవే."

"తెలుసా అని అడుగుతున్నాను."

ఆయన నా వైపు తిరిగి చాలా మర్యాదగా మాట్లాడారు. మా మావగారు ఎప్పుడూ మర్యాదగానే మాట్లాడతారు, చెరువు గట్ల మీద కూడా.

"చూడమ్మాయ్, నువ్వు తెలివైనదానివి. రేపట్నించి సీసా పక్కన పడేద్దాం. పిల్లకి నీ పాలే పట్టుకో. మీ అత్తయ్య నోరెత్తదు, అది నా పూచీ. నువ్వూ ఎత్తకు. ఇంటి గుట్టు గడప దాటకూడదు."

"నాలుగు వారాలు నా బిడ్డ నోట్లో రబ్బరు పెట్టించేరు మావయ్యగారూ. పాలు పొంగి జాకెట్టు తడిసిపోతూంటే పక్క గదిలో కూర్చుని సీసా గుటకలు విన్నానండి. ఒక్క మాట చెప్పుంటే సరిపోయేది."

"ఏం చెప్పమంటావు? బారసాలకొచ్చిన వాళ్ళందరి ముందూ మా కాటా తప్పు తూస్తుందని చెప్పమంటావా?"

ఇంత సూటిగా ఒప్పుకుంటారని నేననుకోలేదు. ఆడదాని ముందు, అందులోనూ కోడలి ముందు ఒప్పుకుంటే నష్టమేముందిలే అనుకున్నారు. అదే ఆయన పొరపాటు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడని ఆయనకి ఎవరూ చెప్పినట్టు లేదు.

"మీరు చెప్పనక్కర్లేదండి, నేను చెబుతాను. రేపు మా నాన్నగారి గట్టు మీద మొదట తూగేది రొయ్యలు కాదు, నా కూతురు. మీ కాటా మీద ఒకసారి, సలోమి సిస్టరుగారి కాటా మీద ఒకసారి. ఆవిడతో మాట్లాడేను, వస్తానన్నారు. రైతులందరూ చూస్తారు. నా బిడ్డ ఎంత చిక్కిందో చూశాక ఎవరి రొయ్య ఎంత చిక్కిందో వాళ్ళే లెక్కేసుకుంటారు. చేసుకున్నవాళ్ళకి చేసుకున్నంత."

మావగారు బెదరలేదు. నవ్వారు.

"తూచుకో అమ్మా, తూచుకో. రేపు పొద్దున్నకి మా కాటా కూడా నాలుగు కిలోల నాలుగొందలే చూపిస్తుంది. అప్పుడు పదిమందిలో నీ మొహం ఎక్కడ పెట్టుకుంటావో చూద్దాం." ఇంట్లోకి తిరిగి కేకేశారు. "ఒరే ప్రసాదూ! ఇలా రా! ఈ కాటా సరిచేసెయ్యి. ఆ మీటలు నాకు తెలియవు. పెట్టినవాడివి నువ్వేగా."

మా ఆయన గుమ్మంలోకి వచ్చారు. భుజం మీద పాప, చేతిలో సీసా.

పెట్టినవాడు. ప్రతి బుధవారం నా బిడ్డని తన చేతులతో ట్రేలో పడుకోబెట్టి, వంగి, అంకె పైకి చదివిన మనిషి. చదివాక నా వైపు చూసి "బాధపడకు మాధురీ, వచ్చేవారం పెరుగుద్దిలే" అన్న మనిషి. పొద్దున్న ఆయన వీపుకి ఆనుకుని కూర్చున్నది గుర్తొచ్చి నా ఒళ్ళు నాకే అసహ్యం వేసింది. ఆయన నా కళ్ళలోకి చూడలేదు, కాటా వైపు చూశారు.

అప్పుడే పాప లేచి ఏడ్చింది. ఆ ఏడుపు వినగానే నాకు రెండు పక్కలా పాలు ఎగదన్నుకొచ్చాయి. జాకెట్టు తడిసి, చీర కుచ్చెళ్ళ మీదికి చుక్కలు పడ్డాయి. అడ్డు పెట్టుకోలేదు. పాలు లేవన్న మనిషీ, పేపరు చదివిన మనిషీ, అంకెలు మార్చిన మనిషీ, ముగ్గురి ముందూ అలాగే నిలబడ్డాను. ముందుగా తల తిప్పుకున్నది మావగారు.

వెళ్ళి పాపని ఆయన భుజం మీంచి తీసుకున్నాను. సీసా ఆయన చేతిలోనే ఉండిపోయింది. అత్తగారి ఒళ్ళో ఉన్న పూలు తీశాను, ఆవిడ వదిలేసింది. నాలుగు మూరల దండ కాటాకి వేశాను, పోయినవాళ్ళ ఫొటోకి వేసినట్టు. వైరు పీకి, పాప ఒక చంకన, కాటా ఒక చంకన పెట్టుకుని మా గదిలోకి వెళ్ళి గడియ పెట్టేశాను.

"ప్రసాదూ, తలుపు బద్దలుకొట్టరా!" అని మావగారు.

"నా మనవరాలు లోపలుంది. తలుపు మీద చెయ్యి వేస్తే ఊరుకోను," అని అత్తగారు. ఆవిడ ఆయనకి ఎదురు చెప్పడం నేను వినడం అదే మొదలు. దానికి కూడా నాకు సంతోషం కలగలేదు.

మంచం మీద గోడకి చేరబడి పాపకి పాలు పట్టాను. సీసాకి అలవాటుపడి కాసేపు గింజుకుంది, తర్వాత దొరకబుచ్చుకుంది. గుటక, గుటక. పక్కన మల్లెపూల దండతో కాటా. సాయంత్రం ఎండ ఇంకా కిటికీలో ఉంది. పన్నెండు గంటలు ఈ గడియ తియ్యకుండా ఉంటే చాలు, తెల్లారేసరికి గట్టు మీద ఉంటాను. జీవితంలో అంత ధైర్యంగా నేనెప్పుడూ లేను.

తలుపుకి అవతల ఎవరో నేల మీద కూర్చున్న చప్పుడైంది.

"మాధురీ," అన్నారు మా ఆయన మెల్లిగా. "నా మొహం చూడొద్దులే. ఒక్క మాట విను. రేపు కాటా బయటపెడితే గట్టు మీద ముందు తల దించుకునేది మా నాన్న కాదు."

పాపని ఇంకాస్త దగ్గరికి పొదువుకున్నాను.

"మన పెళ్ళికి ముందు ఏడాది మీ నాన్నగారు ఈ కాటా కనిపెట్టేసేరు. రైతులందర్నీ పోగేస్తానన్నారు. ఆ రాత్రే మా నాన్న మీ ఇంటికి సంబంధం అడగడానికొచ్చేరు. అప్పట్నించీ మీ నాన్నగారి కౌంటు వరకు సరిగ్గానే తూస్తున్నాం. మిగతావాళ్ళకే... ఆయనకి అంతా తెలుసు మాధురీ. ఆయన్నే అడుగు."

పాప ఒక పక్క తాగడం అయిపోయి నోరు వదిలింది. బారసాలనాడు నీలం ట్రే పక్కన నిలబడి, అంకెలు చూసి తల దించుకున్న మా నాన్న కళ్ళ ముందుకొచ్చాడు. కూతురి దగ్గర పాలు లేవన్న సిగ్గు అది అని ఇన్నాళ్ళూ అనుకున్నాను.

పాపని రెండో పక్కకి మార్చుకున్నాను. ఫోను తీసి నాన్నకి కలిపాను. మూడు రింగులయ్యాక ఎత్తాడు. వెనకాల చెరువులో నీళ్ళు చిలికే ఏరియేటర్ల హోరు. ఎప్పుడు ఫోను చేసినా మొదట అడిగే మాటే ఇప్పుడూ అడిగాడు.

"ఏమ్మా, పాప పాలు తాగుతోందా?"